ఆవలి గట్టుకు కబురు

మంత్రాలయమున తుంగభద్ర యొడ్డున నిలిచి చూచువానికి ఆవలి గట్టు చేయి చాచిన అందునంత చేరువగా తోచును; కాని నదిలో నీరు నిండుగా నున్న దినములలో అచ్చటి కొక కబురు పంపదలచినచో, నీటి అంచున నిలిచియున్న వానికంటె, నదికి వీపు త్రిప్పి పోయి రాయచూరు బస్సెక్కి వంతెన దాటువాడే మనకు పనికివచ్చును. కబురు పంపు విద్యలోని మర్మమంతయు ఇందే యిమిడియున్నదని నా నమ్మకము.

ఆవలి వైపున బిచ్చాలిలో నుండిన అప్పణాచార్యుల కథ భక్తు లందరెరిగినదే. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశ మొనర్చిన నాడు, అప్పణాచార్యులు పొంగిన తుంగభద్రను స్తోత్రము చేయుచు దాటి పరుగున వచ్చినను, అప్పటికే బృందావనము శిలలతో కప్పబడెనని సంప్రదాయము చెప్పును. దూరమును గీత గీసి కొలుచుట వేరు, నది దాటుట వేరు అని ఈ కథ నాకు చిన్ననాటనే నేర్పెను.

ఈ చిక్కే నేటి ఫోనులకును కలదు. టవరు అందని చోట్ల, ఫోనులే ఒకదానికొకటి ఎదురుపడినప్పుడు సందేశము నందుకొని, దాచుకొని, మోసికొనిపోయి, తగినది కనబడినపుడు దాని కప్పగించు పద్ధతిని శాస్త్రజ్ఞులు చిరకాలముగా పరిశోధించుచున్నారు. 2000లో వాహదత్, బెకర్ అనువారు ఎదురైన ప్రతి యంత్రమునకు ఒక్కొక్క ప్రతి నిమ్మనిరి. అందువలన సందేశము చేరు అవకాశము హెచ్చునుగాని, ప్రతి ఫోనులోను ఊరందరి కబుర్లు నిండి బ్యాటరీ హరించుకుపోవును. ఆ సంవత్సరమే కార్ప్, కుంగ్ అనువారు గమ్యమునకు ఎవరు చేరువో వారి చేతికే అందించు మార్గమును చెప్పిరి. ఇది పొదుపైనదే, కాని నదిగట్టునకు వచ్చినంతనే చిక్కుపడును, ఏలయన అక్కడ నున్న యంత్రమునకు తనకంటె చేరువైనది మరియొకటి కానరాదు. ఆ శూన్యపు టంచు వెంబడి చుట్టిపోవచ్చునని వా రుపాయము చెప్పిరి గాని, అంచు పొడవునను ఆ క్షణమున యంత్రములు వరుసగా నుండవలె గదా! మన మెట్టపల్లెల నడుమ అట్టి వరుస ఎక్కడిది? 2007లో లియొంటియాడిస్, మాస్కోలో అనువారు వాహనముల విషయమున ప్రశ్ననే మార్చిరి: ఏ దారిని పోవుచున్నావు, ఆ దారిలో గమ్యమునకు మిక్కిలి చేరువైన తావేది, అచ్చటినుండి ఇంకెంత కాలము పట్టును? బస్టాండులో ఉత్తరము చేతికిచ్చుటకు ముందు మా పెద్ద లడిగినదియు నిదియే: "యాడికి పోతాండావు నాయనా, ఏ దావన పోతావు?"

బస్సునకు దారియు వేళయు నిశ్చితములు. దొడ్డబళ్ళాపుర ప్రాంతపు పల్లెలకు తిరుగు బస్సున వైర్‌లెస్ యంత్రము నుంచి, భూమి రికార్డుల విన్నపములను తాలూకా కేంద్రమునకు చేరవేసిన డాక్‌నెట్ ప్రయోగము 2004 నాటికే లోకమునకు తెలిసినది.

ఇక కబురెవరికి పంపవలెనన్నది మరియొక ప్రశ్న. 2009 అక్టోబరు 2న తుంగభద్రయే మంత్రాలయమందలి రాఘవేంద్రస్వామి మఠమును ముంచెత్తగా యాత్రికులు మేడలపై తలదాచుకొనిరి. అట్టినాడు హెచ్చరిక నెవరి పేర పంపవలెను? ఉదయమున్న యాత్రికులు సాయంకాలమున నుండరు. వారి నంబరు లెవరికి తెలియును? 1997లోనే నవాస్, ఇమీలిన్‌స్కీ అనువారు, మనిషికి బదులు ప్రదేశమునకే చిరునామా వ్రాసి, ఈ హద్దులలో నున్నవా రెవరైనను సరే వారి కందించు పద్ధతిని ప్రతిపాదించిరి. యాత్రాస్థలమునకు ఇంతకంటె తగినది నాకు కనబడదు.

అయితే వరదనాడు బస్సు దారియు నమ్మదగినది కాదు. నిన్నటి వేళలను బట్టి రాయచూరు బస్సునకు సందేశ మప్పగించినచో, వంతెన మూతబడగానే బస్సుతోపాటు సందేశమును నిలిచిపోవును. కావున అప్పగించిన పిదపను ఒక ప్రతిని తనయొద్ద నుంచుకొనుటయు, సందేశమునకు ఆయుర్దాయము నిర్ణయించుటయు, ముఖ్యముగా ఆవలినుండి ఇప్పుడే వచ్చిన వాహనపు దారిని పటమునందలి దారికంటె ప్రమాణముగా గైకొనుటయు, ఇట్టి యేర్పాటు చేయువారు మరువరాదు. ఆరాధనోత్సవములకు జనము చేరు శ్రావణమును, నది నిండు కాలమును ఒక్కటే గనుక, వానకాలమునకు ముందే మంత్రాలయమున దీనిని పరీక్షించి చూడవలెనని కోరుచున్నాను.