అసలు జిప్సీ ఎవరు?

'అసలు జిప్సీ' అనే మాట ఎవరిది? జిప్సీలది కాదు. వాళ్ళను పొలిమేర దాటించాలనుకున్నవాళ్ళది. ఇంగ్లండు జిప్సీల మీద జూడిత్ ఓక్లీ 1983లో తెచ్చిన 'ది ట్రావెలర్-జిప్సీస్' పుస్తకం విలువంతా ఈ సంగతి బయటపెట్టడంలోనే ఉంది.

మొదట వాళ్ళను ఈజిప్టువాళ్ళన్నారు. జిప్సీ అనే పేరు అట్లా వచ్చిందే. 1783లో జర్మన్ పండితుడు గ్రెల్‌మాన్ భాషను ఆధారం చేసుకుని వాళ్ళ మూలం ఇండియా అన్నాడు. రోమానీ భాష మన ఉత్తరాది భాషలకు చుట్టమన్నది నిజమే. కానీ ఆ నిజం అధికారుల చేతిలో కొలబద్దయింది. నల్లగా ఉండి రోమానీ మాట్లాడితే అసలు జిప్సీ, లేకపోతే దేశదిమ్మరి! నాజీ జర్మనీలో రాబర్ట్ రిట్టర్ ఇదే కొలబద్దతో వంశవృక్షాలు గీశాడు. అవి వేలమందిని ఆష్‌విట్జ్‌కు పంపడానికి పనికొచ్చాయి.

భూస్వామ్యం కూలినప్పుడు నేల పోగొట్టుకుని రోడ్డున పడ్డ స్థానిక జనం కూడా ఇంగ్లండు జిప్సీలలో ఉన్నారంటుంది ఓక్లీ. 1562 నాటి చట్టం ఈజిప్టువాళ్ళతో నెలరోజులు తిరిగినవాళ్ళకూ, వాళ్ళలా వేషమూ మాటా మార్చుకున్నవాళ్ళకూ మరణశిక్ష అంది. ఎవరూ కలవకుండానే ఆ చట్టం ఎందుకొచ్చింది?

మరి వాళ్ళను ఒక జాతిగా నిలిపిందేమిటి? ఒకరి కింద కూలికి కుదరకుండా పాత ఇనుము, గుర్రాల బేరంతో బతికే బతుకు. తామే గీసుకున్న గీత. గిన్నెలు కడిగే తొట్టి వేరు, ఒళ్ళు కడుక్కునే తొట్టి వేరు. రెండూ ఒకే సింకులో కానిచ్చే బయటివాళ్ళే వాళ్ళ లెక్కలో మైలపడ్డవాళ్ళు.

అయితే ఓక్లీతో పేచీ ఒకటుంది. ఇండియా మూలాన్ని అనుమానించే ఊపులో, దాన్ని తమ చరిత్రగా చెప్పుకునే రోమా రచయితల గొంతు వెనక్కిపోయింది. ఇయాన్ హాంకాక్ వంటి రోమా పండితుడికి అది అధికారి కొలబద్ద కాదు, తన జనం చరిత్ర.

చట్టమూ ఈ మధ్యనే ఊగుతోంది. 1968 కేరవాన్ చట్టం, మూలమేదైనా సంచారులే జిప్సీలంది. 1988లో అప్పీలు కోర్టు జిప్సీలు ఒక జాతి అంది. 2015లో ప్రభుత్వం ఇళ్ళస్థలాల నిబంధన మార్చి, ముసలితనం వల్లో జబ్బు వల్లో తిరగడం మానేసినవాళ్ళను లెక్కలోంచి తీసేసింది. అది వివక్షేనని 2022లో కోర్టు చెప్పాక, 2023 డిసెంబరులో దాన్ని మార్చుకుంది.

ఐరిష్ ట్రావెలర్లకు ఇండియా మూలం లేదు. అయినా 2017లో ఐర్లండ్ వాళ్ళను ఒక జాతిగా గుర్తించింది. మూలం చెప్పుకోవడం వాళ్ళ హక్కు. బండి ఆపుకోను చోటు అడిగినవాణ్ణి వంశం చూపించమనే హక్కు ఏ సర్కారుకూ లేదు.