రికార్డు విన్న చెవులు

గడచిన కార్తికమాసమున విశాఖపట్టణమునం దొక సభామందిరమున జరిగిన పాటకచేరీకి మేము వెళ్లియుంటిమి. మా యానందపురము విశాఖపట్టణమునకును విజయనగరమునకును నడుమ నుండుటచే ఈ ప్రాంతపు సంగీతాభిమానికి రెండు వైపులను త్రోవ కలదు గాని, రాత్రివేళ బస్సు చిక్కుట కష్టము. అందువలన మంగళము వినకుండ లేచివచ్చు పాపము మాకు తఱచుగ గట్టుచుండును. ఆనాడు మాత్రము పాటవలన కొంత, ప్రక్కవారి మీది కోపమువలన కొంత, కడవఱకు గూర్చుంటిమి.

పాడినది యిరువదియైదేండ్లు మించని యువతి. వర్ణమును రెండు త్యాగరాజ కీర్తనలును అయిన పిదప ఆమె రేవతి రాగమున ‘నానాటి బతుకు’ కీర్తన నెత్తుకొనెను. తెలిసిన పాట యగుటచే సభ కదలినది. కొందఱు తామును పెదవులు మెదలించిరి. చరణములో నొకచోట ఆమె నిలిచి, ఆ మాటలనే పట్టుకొని, ఒకమాఱు నెమ్మదిగను ఒకమాఱు ప్రశ్న యడిగినట్లును నెరవలు చేసెను. ఆ నాలుగు నిమిషములలో ఆ కీర్తన యర్థము మాకు క్రొత్తగ దోచినది. మా ప్రక్కనున్న పెద్దమనిషి మాత్రము మొగము చిట్లించి, “రికార్డులో ఇది లేదండీ” అనెను. వెనుక వరుసవారొకరు ఔననిరి. పాట ముగిసినప్పుడు చప్పట్లు సగమే మ్రోగినవి. ఆ పిల్ల తరువాతి కీర్తనను ఉన్నదున్నట్లు పాడి ముగించెను. చప్పట్లు నిండుగ మ్రోగినవి. సభవారు ఆమెకు పాఠము చెప్పిరి, ఆమె నేర్చుకొనెను.

ఆ పెద్దమనిషి చెప్పిన రికార్డు ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారిది. దానిని మేమును ఎన్నిమాఱులు వింటిమో లెక్కలేదు. అయినను చదువరు లొక సంగతి చిత్తగింపవలెను. అన్నమాచార్యులు 1503వ సంవత్సరమున పరమపదించిరి. వారి కీర్తనలు తిరుమల కొండమీద రాగిరేకులయందు నిలిచినవి. రేకులపై పాటయు రాగము పేరును గలవు గాని స్వరములు లేవు. పాడెడు వరుస కాలములో గలిసిపోయినది. నేడు మనము వినెడు రేవతి వరుసను కట్టినవారు నేదునూరి కృష్ణమూర్తిగారు. వారు విజయనగరపు సంగీత కళాశాలలో చదివి, శ్రీపాద పినాకపాణిగారి శిష్యులై, 1991లో మద్రాసు సంగీత అకాడమీవారి ‘సంగీత కళానిధి’ బిరుదమును బొంది, విశాఖపట్టణమున కాపురముండి, 2014 డిసెంబరులో అక్కడనే కాలము చేసిరి. అనగా, సనాతనమని మనము తలచు నీ వరుస మన వీధులలో నడచిన మనుష్యుడు కట్టినది. ఆయన వచ్చిన సంప్రదాయము మనోధర్మమునకు పెద్దపీట వేసినది. అట్టి వరుసలో నెరవలు చేసిన పిల్ల తప్పు చేసినదనుట, తండ్రి పెట్టని యాంక్షను పొరుగువారు పెట్టుటవంటిది.

రికార్డులను నిందించుటకు మేమిది వ్రాయుటలేదు. వానిని ప్రేమించినవారిలో మేము వెనుకబడినవారము కాము. మా యింట బియ్యపు డబ్బాకు లేని భద్రత పాత ప్లేట్లకు గలదని ఇంటివారి ఫిర్యాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను బూరలో పాడి, చివర తన పేరు తానే చెప్పుకొనిన నాటినుండి, సానివాడలలోను జమీందారుల చావళ్లలోను చిక్కుకొనిన పాట గృహస్థుల యింటికి వచ్చినది. కచేరీకి పోవుటకు వీలులేని ఇల్లాండ్రు వంటయింటినుండియే గొప్ప విద్వాంసులను వినగలిగిరి. ఇది చిన్న మేలు కాదు.

ఆ లక్కప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. పది యంగుళముల ప్లేటు ఒకవైపున మూడు నిమిషములకు కొంచెము మించి పలుకజాలదు. ద్వారము వేంకటస్వామినాయుడుగారు 1919లో విజయనగర సంగీత కళాశాలలో ఫిడేలు ఆచార్యులుగ జేరి, 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత దానికి అధ్యక్షులైరి. కచేరీలో తీరికగ సాగెడు రాగము వారి ప్లేటులో మూడు నిమిషములలో నొదుగవలసివచ్చెను. ఒదిగినది కూడ. సూది గీచెడు చప్పుడు నడుమ వారి కమాను ఎక్కడ వెనుకకు తిరిగినదో చెవికి తెలియదు. తీగె పలుకుచున్నదా గొంతు పలుకుచున్నదా యని సందేహము కలుగును. దీనిని కచేరీకి సంక్షేపమని వినరాదు. ఇది ఉత్పలమాలవంటిది: గణములును యతియు ముందే యేర్పడియుండును, చెప్పదలచినది ఆ నాలుగు పాదములలోనే చెప్పవలెను. పద్యము చదివి కావ్యము చదివితినని యెవడైన నన్నచో నవ్వుదుము గదా!

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి పద్యములును ఇట్టివే. వారును విజయనగరముననే చదివిరి. నాటకరంగముమీద పద్యమనగా రాగము సాగి సాగి, ‘వన్స్‌మోర్’ అను కేక వచ్చువఱకు మాట మరుగుపడెడిది. కరుణశ్రీగారి ‘పుష్పవిలాపము’ను రికార్డునకు పాడునపుడు ఘంటసాలవారు రాగమును మాటకు దాసిగ జేసిరి. ప్రతి పదమును విడివిడిగ వినబడును. ప్లేటుమీద చోటు తక్కువగుట కూడ ఈ సంయమమునకు తోడ్పడినదని మా యభిప్రాయము.

వారి భగవద్గీత రికార్డు 1974 ఫిబ్రవరిలో వారు మరణించిన పిదప వెలువడినది. ఏడువందల శ్లోకములలో నూఱు పైచిలుకు మాత్రమే యేర్చి, తెలుగు తాత్పర్యముతో చదివిరి. సంస్కృతము చెప్పి బ్రదుకువారము గనుక ఉచ్చారణ విషయమున మేము కొంత చాదస్తులము. దానిలో మాకు దొరకిన తప్పు లత్యల్పము. శ్లోకమునకు రాగమును తాత్పర్యమునకు మామూలు మాటయును ఇచ్చుటయే దానిలోని నేర్పు. అయితే ఆ రికార్డునకు మన జనులు చేసిన సన్మాన మెట్టిదో చూడుడు. శవము లేచు నింటిముందును, శ్మశానమునకు పోవు బండిమీదను దానిని మ్రోగించుచు, దానిని చావుపాటగ జేసిరి. ఇప్పుడు ఉదయమున దానిని పెట్టినచో పొరుగువారు “ఎవరు పోయిరి?” అని తలుపు తట్టుదురు. పెండ్లియింట దానిని పెట్టుట కెవ్వరికిని ధైర్యములేదు. యుద్ధము చేయుమని బ్రతికియున్నవానికి చెప్పిన గ్రంథమునకు, ఆ గొంతుకకు, ఇట్టి గతి పట్టించినది మూఢవిశ్వాసమే గాని రికార్డు కాదు. మేము మా యింట ప్రతి యాదివారము ఉదయమున దానిని వినుచున్నాము. ఇంతవఱకెవ్వరును పోలేదు.

ఇక కచేరీల దోషములు కొన్ని చెప్పవలసియున్నది. ధ్వనివర్ధకమును చెవులు పగులునట్లు పెంచుదురు. తంబుర శ్రుతి వినబడదు, మృదంగము మాత్రము ఉఱుమును. అది చాలదని నడుమ సన్మానములు. శాలువలు, జ్ఞాపికలు, దాతల పేర్లు, ఉపన్యాసములు ముగియుసరికి ఆరభి పాడవలసిన గొంతు చల్లారిపోవును. ఒకసారి మేము లెక్కించితిమి: రెండుగంటల సభలో నలువదియైదు నిమిషములు శాలువలకే పోయినవి. అయినను మేము పోవుచునే యున్నాము. ఏలయన, పాడెడువానికే ముందు తెలియని సంగతి యొకటి ఆ రాత్రి గొంతులో పుట్టుట రికార్డు చూపజాలదు. అది పుట్టినరాత్రి నిలుచుండి తిరిగి వచ్చినను బస్సులో కాళ్లు నొవ్వవు. అది పుట్టవలెనన్న వినువారు దానికి చోటీయవలెను.

మాకు కోపము వచ్చినది ఆ పెద్దమనిషి మీదనే కాదు. ఆ మాట మే మొకప్పు డన్నదే. కొన్నియేండ్ల క్రిందట డిసెంబరు 4వ తేదీని, ఘంటసాలవారి జయంతినాడు, మేము పనిచేయు పాఠశాలలో పాటలపోటీ జరిగినది. తొమ్మిదవ తరగతి పిల్ల యొకతె ‘పుష్పవిలాపము’ పాడెను. మా యూరి పూలసంత తెలిసినవారికి ఇది వింత గాదు: ఆ పిల్ల యింటివారు బంతులు, చేమంతులు పండించువారు, తెల్లవారకముందే తోటలో పూలు కోసి సంతకు దింపి ఆమె బడికి వచ్చెడిది. రికార్డులో ఆ పూలు కన్నీరు పెట్టును. ఈ పిల్ల గొంతులో అవి జగడమాడినవి. ఆమె నిలువవలసినచోట నిలువలేదు. ఎవ్వరును నిలువనిచోట నిలిచినది. శ్రుతి తప్పలేదు, మాట చెడలేదు. న్యాయనిర్ణేతలలో నొకరమైన మేము ఆమెను బిలిచి, “అమ్మా, ఘంటసాలగా రట్లు పాడలేదు గదా, రికార్డు మఱల విని రా” అంటిమి. బహుమానము రికార్డును అచ్చుగుద్దినట్లు పాడిన వేఱొక బాలున కిచ్చితిమి.

ఆ పిల్ల “సరేనండి మాస్టారూ” అని తల వంచి పోయినది. మఱుసటి యేడు పోటీకి పేరీయలేదు. ఏలయని మేము అడుగలేదు. కోయుచు పాడిన పాటకును వినుచు పాడిన పాటకును భేదముండునని మాకప్పుడు తోచలేదు. ఆ కార్తికరాత్రి సభలో సగము చప్పట్లు వినినపుడు ఆ పిల్ల వంచిన తల మా కన్నుల గట్టినది.

పోటీ నియమములలో ‘మూల రికార్డును పోలి పాడవలెను’ అని మేమే వ్రాసిన పంక్తి యొకటి యుండెడిది. ఈ యేడు దానిని కొట్టివేసితిమి. ఆ పిల్ల చదువు ముగించి చాలదినములైనది. సంతలో అప్పుడప్పుడు కనబడి నమస్కరించును. బుట్ట తూచునపుడు ఏమైన పాడుచుండునేమో యని రెండుసారులు చెవి యొగ్గితిమి. ధర చెప్పుటయే వినబడినది.