అక్షరానికి అందం, ఆయుష్షు

మా మేనల్లుడు పాత కంప్యూటర్లో ఉబుంటు వేసుకుని, కోటిపల్లి సోమేశ్వరుడి స్థలపురాణం టైపు చేస్తున్నాడు. "మావయ్యా, ఈ తెలుగు ఫాంటు బోసిగా ఉంది" అన్నాడు మొన్న. అక్షరాల పిచ్చి నాదని ఈ కాలమ్ చదివేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

టెర్మినల్లో 'ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా' ప్యాకేజీ వేస్తే, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన, వేమన వచ్చేశాయి. మండలి, సురవరం, గిడుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే. వాటిని దించి, హోమ్‌లో '.లోకల్' లోపలి 'షేర్'లో 'ఫాంట్స్' ఫోల్డర్లో వేయాలి. ఆ ఫోల్డరు లేకపోతే మనమే చేసుకోవాలి. ముందు చుక్క ఉన్న ఫోల్డరు కంట్రోల్-హెచ్ నొక్కితేగానీ కనబడదు. ఆపైన 'ఎఫ్‌సీ-క్యాష్' కొట్టి, లిబ్రేఆఫీస్ మూసి తెరిస్తే పేర్లన్నీ వరసలో ఉంటాయి.

కొత్త ఫాంటు రాగానే నేను కొట్టి చూసే మాట 'స్త్రీ'. సకారం కింద తవొత్తు, రవొత్తు, పైన గుడిదీర్ఘం. ఒకదాన్నొకటి రాసుకోకుండా కుదిరితే ఫాంటు పాసు. చిన్నప్పుడు రామచంద్రపురం ప్రెస్సులో ఈ పని కంపోజిటరు చేసేవాడు. ఒత్తులు విడి గళ్లలో ఉండేవి. తల ఎత్తకుండా, చేత్తో తడుముతూనే సీసం ముక్కలు ఏరి, అద్దంలోలా తిరగబడ్డ వరసని చకచకా చదివేసేవాడు. మధ్యలో పలకరిస్తే "ఆగండి బాబూ, ఒత్తు పోద్ది" అనేవాడు. ఇప్పుడు ఆ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటులోనే రాసి ఉంటుంది.

ఇక డీటీపీ సెంటర్లకి దణ్ణం పెట్టేయొచ్చని రాద్దామనుకున్నాను. ఇంతలో ఓ శుభలేఖ వచ్చింది, డీటీపీ వాళ్లు వాడే పాత పద్ధతి 'అను' ఫాంటులో. ఆ తలకట్ల ఒంపు చూశాక మనసొప్పలేదు. ఆ పాత పద్ధతి ఫైలుని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజే, నిజమే. కానీ కాగితమ్మీద పడ్డాక శుభలేఖకి ఫైలుతో పనేముంది? పెళ్లవగానే దాని పని సరి.

స్థలపురాణం సంగతి వేరు. పాతికేళ్ల తర్వాత ఎవరో అందులో ఓ పేరు వెతుక్కోవాలి. ఫాంటు మారినా తెలుగు అక్షరంగానే నిలిచే యూనికోడ్‌లో ఉంటేనే అది కుదురుతుంది. కాబట్టి శుభలేఖలు, ఫ్లెక్సీలు మీకు నచ్చిన ఫాంటులో వేయించుకోండి. ఊరి చరిత్ర, గుడి లెక్కలు టైపు చేయించేటప్పుడు మాత్రం "యూనికోడేనా?" అని అడిగి మరీ డబ్బులివ్వండి. ఫాంటు ఎప్పుడైనా మార్చుకోవచ్చు.