ముందు బ్లౌజు తిరగేసి చూడండి

గుడిమల్కాపూర్ అనగానే పూల మార్కెట్ గుర్తొస్తుంది, కాస్త పాతవాళ్లకైతే ఝాంసింగ్ బాలాజీ గుడి. పెళ్లిళ్ల సీజన్లో బంతిపూలకూ చామంతులకూ వచ్చినవాళ్లు పనిలో పనిగా మెహదీపట్నం వైపు బ్లౌజుల షాపులు కూడా తిరిగేస్తారు. ‘కంప్యూటర్ వర్క్’ అని బోర్డున్నచోట బ్లౌజు చేతికి రాగానే అందరూ చూసేది ముందువైపే. నెమలి బాగుందా, జరీ మెరుస్తోందా అని. పని తెలిసినవాళ్లు మాత్రం ముందు బ్లౌజు తిరగేస్తారు. కుట్టు బాగోగులన్నీ లోపలివైపే బయటపడతాయి.

ఆకులకూ అక్షరాలకూ వేసే ఒత్తు కుట్టును సాటిన్ అంటారు. దాని వెనక నడిమధ్యన మిషన్ కింద బాబిన్ నుంచి వచ్చే తెల్లటి దారం ఒక గీతలా కనిపించాలి. కుట్టు వెడల్పులో అది మూడో వంతు ఉంటే చాలు, మిగిలిన రెండు వంతులూ అటూ ఇటూ పై దారం రంగే. తెలుపు అసలు కనిపించకపోతే పై దారం లూజైనా అయి ఉండాలి, కింద దారం టైటైనా అయి ఉండాలి. వెనకంతా తెలుపే నిండి, ముందువైపు అంచుల్లో కూడా తెల్ల చుక్కలు తేలుతుంటే వ్యవహారం తిరగబడిందన్నమాట. మామూలు కుట్టు మిషన్లో రెండు దారాలూ గుడ్డ మధ్యలో సరిసమానంగా పెనవేసుకోవాలి. ఎంబ్రాయిడరీలో అందమంతా పై దారానిదే కాబట్టి దాన్ని కావాలనే కొంచెం కిందికి దిగేలా పెడతారు. టైలరింగ్ నుంచి ఇటు వచ్చినవాళ్లు పాత అలవాటు కొద్దీ రెండింటినీ సమానం చేయబోయి పని చెడగొట్టుకుంటారు.

మగ్గం వర్క్‌లో ఈ బాధ లేదు. ఫ్రేముకు గుడ్డ బిగించి కుడిచేత్తో ఆరీ సూది పైనుంచి గుచ్చుతుంటే, దారం గుడ్డ కింద ఎడమచేతిలో ఉంటుంది. ఆ చెయ్యి ఎంత వదిలితే గొలుసుకుట్టు అంత వదులు. పాతబస్తీలో కార్చోబ్ అనే ఆ ఫ్రేము ముందు ఏళ్ల తరబడి కూర్చున్న కారీగర్ని దారం ఎంత బిగువుగా పట్టాలని అడిగితే వింతగా చూస్తాడు. ఆ లెక్క ఆయన వేళ్లలోనే ఉంది. మిషన్ వచ్చాక ఎడమచేతి పని రెండు ముక్కలైంది. పైన దారాన్ని నొక్కిపట్టే జంట బిళ్లలు, కింద బాబిన్ కేసు మీద సన్నటి రేకు స్ప్రింగు. 1863లో స్విట్జర్లాండ్‌లో ఐజాక్ గ్రోబ్లి షిఫ్లీ మిషన్ తయారుచేసి ఎంబ్రాయిడరీలోకి రెండో దారాన్ని తెచ్చాడు. పైకీ కిందికీ తగువు అప్పట్నుంచీ ఉంది.

లెక్క ప్రకారం 40 నంబర్ రేయాన్, పాలిస్టర్ దారాలకు పైన 100 నుంచి 120 గ్రాముల లాగుడు, అంటే టెన్షన్, ఉండాలి, కింద 18 నుంచి 25 గ్రాములు. దీన్ని కొలిచే గేజి దొరుకుతుంది కానీ చాలామంది చేత్తోనే చూసేస్తారు. బాబిన్ కేసులో బాబిన్ పెట్టి దారం కొస పట్టుకుని వేలాడదీస్తారు. కేసు ఉన్నచోటే నిలవాలి. చేతిని ఒక్కసారి పైకి ఎగరేస్తే ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. సరసరా దిగిపోతే లూజు, ఎగరేసినా కదలకపోతే టైటు. అలాగని వెంటనే స్క్రూడ్రైవర్ తీయకూడదు. రేకు కింద చేరిన పిసరంత పీచు కూడా దాన్ని పైకెత్తి దారాన్ని లూజు చేస్తుంది. విజిటింగ్ కార్డు మూల ఒకటి ఆ సందులో దూర్చి లాగితే నల్లటి నూనె జిడ్డుతో సహా పీచు ఊడి వస్తుంది. చాలాసార్లు రిపేరు అక్కడితో సరి. అప్పటికీ కుదరకపోతే కేసు మీది స్క్రూను గడియారంలో అయిదు నిమిషాలంత తిప్పి మళ్లీ వేలాడదీసి చూడాలి. అంతకు మించి తిప్పితే ఎక్కడినుంచి మొదలుపెట్టామో మనకే తెలియదు.

తప్పు పైనా, కిందా అన్నది తేల్చుకోవడానికి నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. పెద్ద మిషన్లో ఒక్కో తలకు తొమ్మిదో పన్నెండో సూదులుంటాయి, కింద బాబిన్ మాత్రం ఒక్కటే. ఏడో సూది కుట్టు ఒక్కటే పాడై మిగతావి బాగుంటే బాబిన్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఆ ఏడో దారం వచ్చే దారి, బిళ్లలు, సూది చూసుకుంటే చాలు. అన్ని సూదులూ ఒకేలా ఏడిపిస్తుంటే కిందే ఏదో ఉంది. ఇంత తేలిక పరీక్ష ఉండగా, కంగారులో పైన టెన్షన్ మార్చే పన్నెండు నాబ్‌లూ తిప్పేసి సగం రోజు పోగొట్టుకున్న షాపులున్నాయి.

“అన్నా, కింద దారం ముద్ద కడుతున్నది” అంటే కొత్తవాళ్లు బాబిన్నే తిడతారు. ముద్ద కింద కనిపించినా తప్పు దాదాపు ఎప్పుడూ పైనే. దారం బిళ్లల మధ్య కూర్చోలేదన్నమాట. దారమంతా తీసి మొదట్నుంచీ ఎక్కించుకోవాలి. ఇంట్లో వాడే చిన్న మిషన్లో అయితే పాదం పైకెత్తి ఎక్కించాలి, పాదం దించి ఉంటే బిళ్లలు మూసుకునే ఉంటాయి, దారం లోపలికి దిగదు. సూది మొండిదైనా, దాని కన్నులో గరుకు ఉన్నా దారం పీచు లేచి తెగుతుంది. దారంలోని ఒక్కో ముక్క కుట్టులో స్థిరపడేలోపు ఆ కన్నులోంచి పదుల సార్లు అటూ ఇటూ నడుస్తుంది మరి. సూది ఖరీదెంతని, మార్చి చూడ్డానికి?

పట్టు ముడతలు పడితే దాన్ని కూడా టెన్షన్ ఖాతాలోనే వేస్తారు. అది ఎక్కువగా గుడ్డ ఫ్రేములో సరిగా బిగియకపోవడం వల్లో, వెనక వేసే పేపర్ పలచనవడం వల్లో, డిజైన్లోనే కుట్లు మరీ దగ్గరగా పడడం వల్లో వస్తుంది. అప్పుడు నాబ్ తిప్పితే ముడత తగ్గదు, కుట్టు మాత్రం చెడుతుంది.

అన్నిటికన్నా మొండిది జరీ. ఇప్పుడు మిషన్లో వాడేది చాలావరకు మెరుపు పూసిన పాలిస్టర్ రేకు చుట్టిన దారమే. అది రీలు మీద చుట్టుకున్న మెలిక మరచిపోదు, దిగుతూ దిగుతూ ఉంగరాలు తిరిగి బిళ్లల దగ్గర చిక్కుకుంటుంది. రీలును మిషన్‌కు కాస్త దూరంగా పెట్టడం, పై టెన్షన్ బాగా తగ్గించడం, మామూలు 75/11 సూది తీసి పెద్ద కన్నున్న 90/14 వేయడం అందరూ చేసేవే. వీటికి తోడు వేగం తగ్గించాలి. మామూలు దారాన్ని నిమిషానికి 800 కుట్లకు పైనే నడిపే మిషన్ని జరీకి 500కో ఇంకా కిందికో దించాలి. జరీ కోసం టెన్షన్ సరిచేసిన బాబిన్ కేసు ఒకటి విడిగా దాచుకుంటే మళ్లీ మళ్లీ స్క్రూ ముట్టుకునే పని తప్పుతుంది. ఇలా చేసే షాపులో జరీ బ్లౌజుకు ఒక రోజు ఎక్కువ అడుగుతారు. శ్రావణమాసం రద్దీలో అది వినడానికి కష్టంగానే ఉంటుంది కానీ, ఆ రోజంతా మిషన్ దగ్గర నిజంగానే ఖర్చవుతుంది.