రాయి ఎటు దిక్కు వస్తున్నది?

సినిమా ఎట్లుందని అడిగితే 'మస్తు ఏడ్పించింది' అంటరు మా నారాయణఖేడ్ దిక్కు. మంచి సినిమాకు ఇంతకన్నా పెద్ద కితాబు లేదు. ఆ మాటను నేను చిన్నచూపు చూడను. కానీ ఎవరి కోసం ఏడ్చినం, ఏడ్చి ఎక్కడ తేలినం అన్న ప్రశ్న దళిత విమర్శ అడగాల్సిందే. మన ప్రగతిశీల విమర్శకులు 'గుండెను కదిలించింది' అని రాసి అక్కడ్నే ఆగిపోతరు.

శ్యాం బెనెగల్ 'అంకుర్' (1974) తెలంగాణ పల్లె కథ. ఎల్లారెడ్డిగూడలో తీసిన్రు, మాట దక్ఖనీ. భూస్వామి కొడుకు సూర్య కింది కులపు లక్ష్మి చేతి చాయ్ తాగుతడు, పట్టింపు లేనోడనిపించుకుంటడు. ఆమె కడుపుతో ఉన్నదని తెలిసినంక ఆ ఆధునికత ఏ మూలకు పోయిందో మనకు తెలుసు. మూగ, చెవిటి కిష్టయ్య పని అడుగుదామని వస్తుంటే, పగ తీర్చుకొనేటందుకే వస్తున్నడని భయపడి గొడ్డును బాదినట్టు బాదుతడు. లక్ష్మి శాపనార్థాలు పెడుతుంటే రాతి గుండె కూడా కరుగుతది. షబానా ఆజ్మీ నటనలో దొంగతనం లేదు. చివర్న ఒక పిల్లగాడు కిటికీ మీదికి రాయి విసిరి ఉరుకుతడు. తెర ఎర్రబడుతది.

అయితే ఆ రాయి పడింది సూర్య ఇంటి మీద. చూసేవాడు బయట నిలబడి ఉన్నడు. 'నేను సూర్యను కాను' అని హాయిగా ఇంటికి పోవచ్చు. పట్నపు అగ్రకుల ప్రేక్షకునికి ఆ కన్నీళ్ళు ఒక స్నానం లాంటివి.

నాగరాజ్ మంజుళె 'ఫండ్రీ' (2013) ఈ స్నానం చేయనియ్యదు. ఫండ్రీ అంటే కైకాడీల భాషలో పంది. తెలుగు చెవికి అర్థం చెప్పనక్కరలేదు. మరాఠీ కూడా, 1956 దాకా బీదర్ జిల్లాలో ఉన్న మా తాలూకాకు పరాయిది కాదు. బడికి పోయే జబ్యా పందులు పట్టాలె. క్లాసు పిల్లలు, తను మనసుపడ్డ అమ్మాయి, ఊరు ఊరంతా చూసి నవ్వుతుంటది. పందిని పట్టే వేళకు బడిలో జాతీయగీతం మొదలైతే కొడుకు కదలకుండ నిలబడతడు, తండ్రి నిలబడతడు, పంది తప్పించుకుంటది. మోసుకుపోయే దారిలో బడి గోడ మీద అంబేద్కర్, సావిత్రీబాయి బొమ్మలు. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. నాకు అన్నిటికన్నా బరువైనది తండ్రి కచ్రూ. ఊరి ముందు వంగి వంగి, ఆ వంగుడునే కొడుక్కు కొట్టి నేర్పుతడు. అతన్ని అసహ్యించుకోలేం, క్షమించలేం. సరిగ్గ తీసిన సినిమా బలం ఇదే.

ఆఖరుకు జబ్యా, వెక్కిరించేవాని మీదికి విసిరిన రాయి నేరుగా కెమెరా దిక్కు వస్తది. తెర నల్లబడుతది.

మా పక్కన జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంగాల దళిత స్త్రీలు కెమెరా పట్టినప్పుడు కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నరు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను ఎదురుంటే సంగం షాట్. ఏ సినిమా విద్యాలయమూ ఇంత సూటిగ చెప్పలేదు. ఆ లెక్కన 'అంకుర్' చూపు దయగలది. కాని పైనుంచి దిగివచ్చిన చూపు. 'ఫండ్రీ' ఎదురుగ నిలబడ్డది.

క్లాసులో చూపెట్టే టీచర్లు ఈ రెండు సినిమాల ఆఖరు ఘట్టాలు వెంటవెంట వేయండి. ఏడ్పు వచ్చిందా అని అడుగకండి. రాయి పడ్డప్పుడు తాము ఎక్కడ కూసున్నరో పిల్లలను రాయమనండి.