మూత తీయని నేర్పు
2014లో తయారీ నిలిచిన అంబాసిడరు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి బాటలపై నడివేసవిని ఆవిరి చిమ్ముచు ఆగినపుడు, యజమాని తొందరపడి రేడియేటరు మూతపై చేయి వేయబోగా, పీడనమునకు లోబడి నూరు డిగ్రీలు దాటియు మరుగక యున్న నీరు మూత వదులైన తత్క్షణమే మొగముపై కెగయునని యెరిగిన మెకానిక్కు వారించి, బానెట్టెత్తి, చాయి త్రాగుచు కూర్చుండును. ఆ కూర్చుండుటలోనే సగము విద్య యున్నదని నా మతము.

పిమ్మట ఇంజను కాలుచున్నను పై గొట్టము చల్లగా తగిలినచో థర్మోస్టాటు బిగిసిన దనియు, పై గొట్టము కాలుచు క్రింది గొట్టము చల్లగా తగిలినచో రేడియేటరు పూడిన దనియు, ఇంజనాయిలు పాలు కలిసినట్లు తెల్లబడినచో హెడ్డు గ్యాస్కెట్టు పోయి యుండుననియు, చేతితో తడిమి, కంటితో చూచియే చెప్పును. థర్మోస్టాటును బొత్తిగా పీకి పారవేయు వారును కలరు. అది నాకు సమ్మతము కాదు.

తుదకు రేడియేటరు విప్పి, ఏండ్లుగా పోసిన బోరునీటి సున్నము గొట్టములలో పేరుకొనుట చూపి, యజమానిని కసరుకొనును.