నిర్బంధకాలపు రెండు గ్రంథములు

రాజ్యము ప్రజల నోరు నొక్కినపుడు సాహిత్యము చేయవలసిన పని యేమి? ఈ ప్రశ్నకు దక్షిణ తెలంగాణము రెండు భిన్నములైన సమాధానముల నిచ్చినది. ఒకటి పాలమూరు మండలమువాడైన సురవరము ప్రతాపరెడ్డి 1934లో ప్రకటించిన 'గోలకొండ కవుల సంచిక'. రెండవది నల్లగొండ మండలమున జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి 1955లో వెలువరించిన 'ప్రజల మనిషి' యను నవల. ఈ రెంటిని వేర్వేఱుగా ప్రశంసించుట యాచారమైనది. కాని యొకదానిప్రక్క నొకటి యుంచి చూచినగాని వాని గుణదోషములు తేటపడవు.

మొదట కాలస్థితిని గుర్తింపవలెను. మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనమున తెలుగు జిల్లాలలో ప్రజల భాష తెలుగైనను, కచ్చేరీలలోను ఉన్నతవిద్యలోను ఉర్దూయే చెల్లుచుండెను. 'గస్తీ నిషాన్ 53' అను ఆజ్ఞచే సభ జరుపుటకు ముందుగా నధికారుల యనుమతి పొందవలసియుండెను. పల్లెలలో దేశముఖులు, పటేలు పట్వారీలు వెట్టిచాకిరి చేయించుకొనుచుండిరి. ఇట్టి దినములలో, 1926లో, ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక'ను నెలకొల్పెను.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని యొక రాక్షేపింపగా, ఆయన వాదమునకు దిగక, 354 మంది కవులను గ్రంథరూపమున లోకము ముందు నిలిపెను. సంచిక బలమంతయు నీ సంఖ్యలో నున్నది. కాని దాని పరిమితియు నచ్చటనే యున్నది. అందలి కవిత్వ మధికభాగము సంప్రదాయమార్గమున నడచినది. వెట్టిగాని, భూమి కోల్పోయిన రైతుగాని యందు ప్రధానవస్తువు కాలేదు. దీనిని పిఱికితనమనుట న్యాయము కాదు. గద్వాల, వనపర్తి మున్నగు సంస్థానములు తెలుగు పద్యమును పోషించినవి. ఆ సంస్థానములే రైతుల శిస్తుపై నిలిచినవి. పోషకుని గృహమున కూర్చున్న కవి యా గృహపు పునాదులను త్రవ్విచూపుట కష్టము. కావున సంచిక 'మే మున్నాము' అని చెప్పగలిగినది గాని, 'మా కిట్లు జరుగుచున్నది' అని చెప్పలేకపోయినది. ఈ కొఱతను ప్రతాపరెడ్డియు నెఱుగకపోలేదు. ఆయన వ్రాసిన 'మొగలాయి కథలు' ఆనాటి యధికారుల వింతచేష్టలను హాస్యముతో బయలుపెట్టినవి. పద్యసంకలనము విడిచిపెట్టిన పనిని వచన మందుకొన్నదనుట కిది నిదర్శనము.

ఆ వచనమార్గమున ముందునకు సాగినవాడు ఆళ్వారుస్వామి. ఆయనకు సంస్థానాశ్రయము లేదు, పాఠశాలావిద్యయు నంతంతమాత్రమే. ఇతరుల యిండ్లలో వంటచేసి, హోటలులో పనిచేసి, అచ్చుచిత్తులు దిద్ది జీవించెను. 1938లో 'దేశోద్ధారక గ్రంథమాల'ను స్థాపించి పుస్తకములను తానే మోసికొని యూరూర నమ్మెను. నిర్బంధమును క్రిందినుండి చూచినవాని దృష్టి 'ప్రజల మనిషి' యందు పుటపుటను కనబడును.

ఈ నవలయందు ప్రభువు సింహాసనము కంటె దొర గడీయే ప్రధానము. దిమ్మెగూడెము గ్రామమున రామభూపాలరావు మాటయే చట్టము. దూరపు రాజధాని నిరంకుశత్వము పల్లె గడపవఱకు నెట్లు చేరునో, కాగితములు చదువలేని రైతు చేతినుండి భూమి యెట్లు జాఱునో యిందు క్రమముగా తెలియవచ్చును. ప్రభుత్వ మొక్కటియే పీడించుట లేదనియు, పీడన చేతులు మాఱుచు దిగివచ్చుననియు గ్రహించుట యీ రచనయొక్క ముఖ్యగుణము. పాత్రల నోట ప్రాంతపు మాటయు, కచ్చేరీ ఉర్దూ పదములును సహజముగా నొదిగినవి.

అయినను దోషము లేకపోలేదు. నాయకుడైన కంఠీరవము మిక్కిలి నిర్దుష్టుడు. ఆతని సందేహములు, భయములు పాఠకునకు తగినంతగా తెలియవు. ఉద్యమవిషయములు వచ్చిన తావుల కథ మందగించి ఉపన్యాసచ్ఛాయ తోచును. మనుష్యునకంటె ఆశయము ముందు నడచినది.

ఈ దోషమునకు పరిహారము ఆళ్వారుస్వామి చెఱసాల కథలయందు దొరకును. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైన పిమ్మట నల్లగొండ పోరాటము తీవ్రమైనది. ఆళ్వారుస్వామి 1946 మొదలు 1951 వఱకు నిర్బంధమున నుండెను. నిజామాబాదు చెఱలో సహచరుడైన దాశరథి తన 'అగ్నిధార'ను 1949లో నీయనకే యంకితమిచ్చెను. 1948 సెప్టెంబరులో పోలీసుచర్యతో నిజాము పాలనము, రజాకారుల దౌర్జన్యము ముగిసినవి. జనరల్ చౌదరి యాధ్వర్యవమున సైనికపాలన మేర్పడెను. చెఱసాలపై పతాక మాఱినది గాని, యీ ఖైదీకి తలుపు తెఱవబడలేదు. రెండు ప్రభుత్వముల సంకెలలను తెలిసిన యీ రచయిత 'జైలు లోపల' కథలలో తన త్యాగమును చాటుకొనక, దొంగలు, హంతకులు అని లోకము త్రోసివేసిన సామాన్యనేరస్థులను చిత్రించెను. నవలలోని నాయకునకు లేని లోపములు, తడబాటులు వీరికి కలవు. అందుచేతనే వీరు సజీవులు.

సంచికలో పేరు నమోదైనవారు విద్వాంసులు. నవలలో కనబడినవారు వెట్టివారు. జైలుకథలలో మిగిలినవారు ఏ యుద్యమపు పట్టికకును ఎక్కనివారు. ఈ క్రమము ననుసరించి చూచినచో నిర్బంధసాహిత్యమున కొలమానము ధిక్కారస్వరముయొక్క తీవ్రత మాత్రమే కాదనియు, ఎవరి దుఃఖము లెక్కకు వచ్చినదను విచారముకూడ ననియు తేలును. పాఠశాలలయందు పండితులు 354 అను సంఖ్యను విద్యార్థులచే వల్లింపజేయుటతో నాగక, దానివెంట దిమ్మెగూడెపు కథనుగూడ చదివింపవలెను. అపుడుగాని యా సంఖ్య వెలుపల నిలిచిపోయినవారు విద్యార్థికి కనబడరు.